ప్రతిడ్రోన్ సాంకేతికతకు ప్రభుత్వ నిధులు: తెలుగునేల పాత్ర – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

శత్రు డ్రోన్లను గుర్తించి నిర్వీర్యం చేసే సాంకేతికతను అభివృద్ధి చేయడానికి భారత ప్రభుత్వం గత దశాబ్దంలో పలు మార్గాల్లో నిధులు సమకూర్చింది. ఆ నిధుల క్రమాన్ని, హైదరాబాదు ప్రయోగశాలలు, మచిలీపట్నం కర్మాగారం, కర్నూలు పరీక్షాక్షేత్రం నిర్వహించిన పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ చరిత్రలో పశ్చిమ ప్రకాశం వంటి వెనుకబడిన ప్రాంతానికి దక్కిన స్థానాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రతిడ్రోన్ వ్యవస్థ, రక్షణ పరిశోధన, ఐడెక్స్, లేజర్ ఆయుధం, కర్నూలు, దొనకొండ.

1. ఉపోద్ఘాతం

ఆకాశం నుంచి వచ్చే ఆపద తెలుగువారికి కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ విమానాశ్రయం ఆ యుద్ధకాలపు అవశేషమే. హనుమంతునిపాడు, మార్కాపురం, గిద్దలూరు పరిసరాల ప్రజలకు దొనకొండ అంటే నేటికీ రైల్వే స్టేషన్, పాడుబడిన విమానాల దిగుడుబాట. నాటి ఆపద పెద్ద విమానం. నేటి ఆపద చేతిసంచిలో పట్టే యంత్రం. దానిని కొనడం సులభం, గుర్తించడం కష్టం, కూల్చడం ఖరీదు. ఈ మూడో లక్షణమే ప్రభుత్వ నిధుల చరిత్రకు మూలం. కొన్ని వేల రూపాయల డ్రోనుపై లక్షల విలువైన క్షిపణిని ప్రయోగించడం ఏ ఖజానాకూ భరించదగినది కాదు. కనుక తక్కువ ఖర్చుతో ఎదుర్కొనే మార్గాన్ని కనిపెట్టడానికే ముందుగా ఎక్కువ ఖర్చు పెట్టవలసి వచ్చింది.

2. ప్రయోగశాలల పునాది

ప్రతిడ్రోన్ పరిశోధన శూన్యంలోంచి పుట్టలేదు. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీవో) 1958లో ఏర్పడింది. దాని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రానికి డీఎల్ఆర్ఎల్, అధికశక్తి లేజర్లకు చెస్ అనే ప్రయోగశాలలు ఆ నగరంలోనే పనిచేస్తున్నాయి. బందరులో స్వాతంత్ర్యానికి పూర్వమే వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో విలీనమై దృశ్యసాధనాల ఉత్పత్తికేంద్రంగా కొనసాగింది. ఈ సంస్థలకు దశాబ్దాలుగా అందిన సాధారణ పరిశోధన నిధులే ప్రతిడ్రోన్ సాంకేతికతకు అసలు పెట్టుబడి. ప్రచురిత బడ్జెట్ పత్రాల్లో ప్రతిడ్రోన్ పేరిట ప్రత్యేకమైన పద్దు కనిపించదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో డీఆర్‌డీవోకు కేటాయించిన 26,816.82 కోట్ల రూపాయలలో అది అంతర్భాగం. అందువల్ల ఈ చరిత్రను పద్దుల ద్వారా కాక పథకాలు, ఒప్పందాలు, పరీక్షల ద్వారానే పునర్నిర్మించవలసి ఉంటుంది.

3. ఆపద ముందు, ఆపద తరువాత

2020 గణతంత్ర దినోత్సవానికి, అదే ఏడాది ఎర్రకోట స్వాతంత్ర్య వేడుకలకు డీఆర్‌డీవో ప్రతిడ్రోన్ వ్యవస్థను కాపలాగా నిలిపింది. అంటే పరిశోధన అప్పటికే ఫలించింది. కాని పెద్ద కొనుగోలు జరగలేదు. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడవడంతో పరిస్థితి మారింది. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 31న, భారత నౌకాదళం భారత్ ఎలక్ట్రానిక్స్‌తో ప్రతిడ్రోన్ వ్యవస్థకు ఒప్పందం చేసుకుంది. సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన జెన్ టెక్నాలజీస్ సంస్థకు వైమానిక దళం నుంచి 155 కోట్ల రూపాయల ఉత్తర్వు లభించింది.

నౌకాదళం ఎంచుకున్న వ్యవస్థ పనితీరు గమనించదగినది. రాడార్ నాలుగు కిలోమీటర్ల దూరంలోని సూక్ష్మ డ్రోనును గుర్తిస్తుంది. రేడియో జామర్ మూడు కిలోమీటర్ల వరకు డ్రోనుకూ దాని చోదకునికీ మధ్య సంకేతాలను తెంచుతుంది. అది విఫలమైతే 150 మీటర్ల నుంచి కిలోమీటరు లోపు లేజర్ కిరణం డ్రోనును కాల్చివేస్తుంది. మొదటిది చూపు, రెండవది మాయ, మూడవది దండం.

ఈ విభజన భారతీయ రాజనీతికి అపరిచితం కాదు. కామందకుని నీతిసారం సామ, దాన, భేద, దండాలకు మాయ, ఉపేక్ష, ఇంద్రజాలాలను చేర్చింది. 2023లో హైదరాబాదు సంస్థ గ్రీన్ రోబోటిక్స్ తన ప్రతిడ్రోన్ వ్యవస్థకు ఇంద్రజాల్ అనే పేరు పెట్టింది. తెలుగు వ్యవహారంలో ఇంద్రజాలం గారడీ అనే అర్థానికి పరిమితమైంది. అథర్వవేదంలో అది శత్రుసేనను చుట్టే ఇంద్రుని వల. పదం తన పాత అర్థానికి తిరిగి చేరడం భాషాచరిత్ర దృష్ట్యా ఆసక్తికరమైన పరిణామం.

4. నిధుల మార్గాలు

ప్రయోగశాలలకు వెలుపల ఉన్న సంస్థలకు ప్రభుత్వ ధనం ప్రధానంగా మూడు మార్గాల్లో అందింది. మొదటిది డీఆర్‌డీవో సాంకేతికతాభివృద్ధి నిధి. ఇది ప్రాజెక్టు వ్యయంలో 90 శాతం వరకు భరిస్తుంది. ఒక్కో ప్రాజెక్టుకు పది కోట్లుగా ఉన్న పరిమితిని 2022లో యాభై కోట్లకు పెంచారు. రెండవది 2018 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఐడెక్స్. ఇది అంకుర సంస్థలకు కోటిన్నర వరకు, తరువాత వచ్చిన ప్రైమ్ విభాగంలో పది కోట్ల వరకు సాయం అందిస్తుంది. సంస్థ తన వంతు పెట్టుబడి జోడించవలసి ఉంటుంది. 2024లో వచ్చిన అదితి పథకం కీలక సాంకేతికతలకు ఈ పరిమితిని 25 కోట్లకు చేర్చింది. మూడవది విధాన నిర్ణయం. 2022-23 బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధులలో 25 శాతాన్ని పరిశ్రమలకు, అంకుర సంస్థలకు, విద్యాసంస్థలకు కేటాయిస్తున్నట్లు ప్రకటించారు.

అయితే గ్రాంటు ఒక్కటే సంస్థను నిలబెట్టదు. కోటిన్నరతో నమూనా తయారవుతుంది, కర్మాగారం తయారుకాదు. ఐడెక్స్ విజేతగా వచ్చిన చెన్నై సంస్థ బిగ్ బ్యాంగ్ బూమ్ సొల్యూషన్స్‌కు 2024లో వైమానిక దళం, సైన్యం నుంచి రెండు వందల కోట్లకు పైబడిన ప్రతిడ్రోన్ ఉత్తర్వులు లభించాయి. గ్రాంటుకూ ఉత్తర్వుకూ మధ్యనున్న ఈ వంద రెట్ల దూరాన్ని దాటగలిగిన సంస్థలే నిలుస్తాయి. ఆ దూరం దాటే వరకు చిన్న సంస్థకు ఆసరా ఎవరన్నది నిధుల విధానం ఎదుర్కొనే ప్రధాన ప్రశ్న.

5. కర్నూలు పరీక్షాక్షేత్రం

2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని జాతీయ బహిరంగ పరీక్షాక్షేత్రంలో చెస్ ప్రయోగశాల వాహనంపై అమర్చిన ముప్ఫై కిలోవాట్ల లేజర్ ఆయుధం మార్క్-2(ఎ)ను ప్రదర్శించింది. అది స్థిరరెక్కల డ్రోనును కూల్చింది, డ్రోన్ల గుంపును ఎదుర్కొంది. కొన్ని సెకన్ల లేజర్ ప్రయోగానికయ్యే ఖర్చు రెండు లీటర్ల పెట్రోలు ధరతో సమానమని రక్షణశాఖ పేర్కొంది. చౌక ఆయుధానికి చౌక జవాబు అన్న ఆర్థిక సూత్రం ఇక్కడ తొలిసారి స్పష్టంగా రుజువైంది.

నెల తిరగకముందే, ఆపరేషన్ సిందూర్ సందర్భంలో, మే 8-9 రాత్రి 36 చోట్ల మూడు నుంచి నాలుగు వందల డ్రోన్లు చొరబడజూశాయని ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టు 23న ఒడిశా తీరంలో సమీకృత వాయురక్షణ వ్యవస్థను పరీక్షించినప్పుడు చెస్ లేజర్ ఒక బహురెక్కల డ్రోనును కూల్చింది. ఆ వ్యవస్థ నియంత్రణకేంద్రాన్ని రూపొందించినది హైదరాబాదులోని డీఆర్‌డీఎల్.

6. పశ్చిమ ప్రకాశం స్థానం

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరువి. జిల్లాల హద్దులు మారినా కరవు మారలేదు. వెలిగొండ నీటికోసం ఎదురుచూపులు, ఫ్లోరైడ్ సమస్య, పలకల గనుల్లో కూలిపని, వలస ఈ ప్రాంతపు జీవనరేఖలు. రాష్ట్ర ప్రభుత్వపు 2025-30 ఏరోస్పేస్, రక్షణ విధానం జగ్గయ్యపేట–దొనకొండ పరిధిని క్షిపణులు, మందుగుండు ఉత్పత్తికి, కర్నూలు–ఓర్వకల్లు పరిధిని డ్రోన్లకు ప్రతిపాదించింది. అనగా ఈ ప్రాంతం ఎనభై ఏళ్ల తరువాత మళ్లీ రక్షణపటంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. హైదరాబాదు ఈ చరిత్రలో మేధాస్థానంగా, బందరు నైపుణ్యస్థానంగా, కర్నూలు ప్రయోగస్థానంగా నిలిచాయి. దొనకొండ ఇంతవరకు భూమిగానే కనిపిస్తోంది. విస్తారమైన ఖాళీనేల ఉండటమే దాని అర్హత. యుద్ధకాలపు విమానాశ్రయం దానిచుట్టూ ఏ విద్యనూ, వృత్తినీ నాటకుండానే మూతపడింది. చుట్టుపట్ల పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాలలకు ఎలక్ట్రానిక్స్, దృశ్యశాస్త్ర శిక్షణ అందకపోతే కొత్త కర్మాగారం కూడా స్థానికులకు కాపలా ఉద్యోగాలనే మిగల్చవచ్చు. విద్యాసంస్థలకు ప్రకటించిన వాటా పెద్ద నగరాల విశ్వవిద్యాలయాల వద్దే ఆగకూడదనడానికి ఇదే కారణం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. ప్రతిడ్రోన్ సాంకేతికతకు పునాది అత్యవసర నిధులు కావు; 1960ల నుంచి నిలకడగా సాగిన ప్రయోగశాలల పోషణ.

2. పరిశోధన ఆపదకు ముందే జరిగినా, కొనుగోలు ఆపద తరువాతే వేగం పుంజుకుంది. 2021 ఇందుకు నిదర్శనం.

3. గ్రాంటు నమూనాను ఇస్తుంది, ఉత్తర్వు పరిశ్రమను ఇస్తుంది. ఈ రెంటి మధ్య వంతెన లేని విధానం అసంపూర్ణం.

4. వెనుకబడిన ప్రాంతాన్ని భూమిగా మాత్రమే గాక విద్యాక్షేత్రంగా చూసినప్పుడే రక్షణ నిధి అభివృద్ధి నిధి కాగలదు. దొనకొండ దిగుడుబాట మొదటిసారి నేర్పిన పాఠం ఇదే.