షోలాపూర్ రోడ్డు మీద తుపాకీ చట్టం

ఎవరి దగ్గర తుపాకీ ఉండవచ్చో చట్టం చేసి చెప్పే అధికారం భారతదేశంలో రాష్ట్రాలకు లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలో 5వ అంశం. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోవి. అందుకే సంగారెడ్డి జిల్లాలో ఒక రైతుకో వ్యాపారికో తుపాకీ కావాలంటే చట్టం ఢిల్లీది, సంతకం కలెక్టరుది. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ తుపాకీ పౌరుడి హక్కని 1791 నుంచి రాజ్యాంగంలోనే ఉంది, దానిమీద ఏ రాష్ట్రం నియమాలు దానివి. తెలుగువారు ఎందరో స్థిరపడిన టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన పెద్దలు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. ఇక్కడ అది హక్కుగా ఎందుకు మారలేదన్న కథలో కొంత భాగం పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా పోయే షోలాపూర్ రోడ్డు మీదే నడిచింది.

1857 తిరుగుబాటు భయం బ్రిటిషు ప్రభుత్వాన్ని చాలాకాలం వదల్లేదు. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం తుపాకీతో పాటు కత్తికీ బల్లేనికీ లైసెన్సు పెట్టింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. నిజాం రాజ్యంలో ఆ చట్టం నేరుగా చెల్లలేదు. అక్కడి చిక్కు ఇంకోరకం. అరబ్బులు, రోహిల్లాలు సాయుధ బలగాలతో జాగీర్లను కాచేవారు, అప్పులిచ్చేవారు, వసూళ్లూ చేసేవారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్లను అదుపులో పెట్టి, 1865లో జిల్లాబందీ (జిల్లాల ఏర్పాటు) తెచ్చి, జిల్లాల్లో పోలీసు వ్యవస్థకు పునాది వేశాడు. అయినా ఊళ్లో తుపాకీ అంటే దొర కోటలాంటి ఇల్లైన గడీలో ఉండేదే. దొరకు పక్షి వేట, రైతుకు బెదురు.

సామాన్యుడికి అందిన ఆయుధం భరమారు. గొట్టం మూతి నుంచి తుపాకిమందు పోసి, గుడ్డపేలిక కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించి, పైన గుళ్లు వేసి మళ్లీ దట్టించాలి. ఒక్కసారి పేల్చాక ఈ పనంతా మొదటికి వస్తుంది. ఈలోపు ఎదుటివాడు ఊరుకోడు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పులకు బలయ్యాక లేచిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల చేతికి మొదట దక్కినవి వడిసెలలు, కారం పొట్లాలు, ఇలాంటి భరమార్లే. గడీల మీద పడి గుంజుకున్న తుపాకులు తర్వాత వచ్చాయి. నల్లగొండ, వరంగల్‌లతో పోలిస్తే సంగారెడ్డి అప్పుడున్న మెదక్ జిల్లాలో ఆ పోరాటం పలచన.

కానీ 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన ప్రధాన దారి ఈ షోలాపూర్ రోడ్డే. 13న షోలాపూర్ వైపు నుంచి బయల్దేరిన బలగాలకు 16న జహీరాబాదు దగ్గర పాతిన మందుపాతరలు అడ్డం పడ్డాయి. బీదరు రోడ్డు కలిసేచోట నిజాం పక్షాన పోరాడే సాయుధ దళం రజాకార్లు పొంచి కాల్పులు జరిపారు. మరునాడు సాయంత్రానికి నిజాం లొంగిపోయాడు.

మూడు నెలలైనా కాకముందే, ఆ ఏడు డిసెంబరు మొదట్లో, ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో సవరణ పెట్టారు. కాంగ్రెసు 1931లో కరాచీలో చేసిన తీర్మానంలో ఆ మాట ఉంది కూడా. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయుధం పట్టడం పౌరుడి హక్కుగా కాదు, దేశం పిలిచినప్పుడు నిర్వర్తించే బాధ్యతగా ఉండాలన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. గడీ తుపాకులనూ రజాకార్లనూ చూసిన ప్రాంతానికి ఆ నిర్ణయం సరైనదే.

ఆ తర్వాత జరిగింది మాత్రం మనసుకు కష్టం కలిగించేదే. 1951లో పార్ట్-బి రాష్ట్రాల చట్టం ద్వారా హైదరాబాదుకు విస్తరించింది ఆ 1878 నాటి చట్టమే. బ్రిటిషువాళ్లు ఇక్కడ నేరుగా అమలు చేయని చట్టం వాళ్లు వెళ్లిపోయాక వచ్చింది. దాని స్థానంలో 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కత్తులకు, బల్లేలకు ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో తప్ప లైసెన్సు అక్కర్లేదంది. తుపాకీకి తప్పనిసరి చేసింది.

లైసెన్సు జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేట్లలో పోలీసు కమిషనరు ఇస్తారు. ముందు పోలీసుల విచారణ నివేదిక రావాలి. కాదంటే సాధారణంగా కారణం రాసివ్వాలి, దానిమీద అప్పీలుంది. లైసెన్సు బుక్కులో తుపాకీ నంబరు, ఎన్ని తూటాలు కొనవచ్చు, ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది అన్నవి రాసి ఉంటాయి. జిల్లా దాటి తీసుకుపోవాలంటే ఆ ప్రాంతం కూడా అందులో ఉండాలి. ఎన్నికలు వచ్చాయంటే సాధారణంగా తుపాకీ ఠాణాలో జమచేసి రసీదు తీసుకోవాలి, ఎన్నికల కోడ్ ఎత్తేశాక వెనక్కి తెచ్చుకోవాలి. సైన్యం వాడే బోరు ఆయుధాలకు అనుమతి కేంద్ర హోంశాఖే ఇవ్వాలి.

1960ల నుంచి రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, తర్వాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చి ఈ రోడ్డు తీరు మారింది. గడీల్లో ఉండే తుపాకీ బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజానికెక్కింది. పెద్ద ఆయుధం కూడా ఇక్కడికే వచ్చింది. 1984 జులైలో ఇందిరాగాంధీ ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 30 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించిన శరత్ యుద్ధవాహనాలు తయారయ్యేది అక్కడే. భానూరులో భారత్ డైనమిక్స్ యుద్ధట్యాంకులను ఛేదించే క్షిపణులు చేస్తుంది. ఆ కర్మాగారాల గోడల అవతల ఒక్క 12 బోరు తుపాకీకి కూడా కలెక్టరేటు మెట్లెక్కాల్సిందే.

ఒక మనిషికి మూడు తుపాకులకు మించకూడదని 1983 సవరణ పరిమితి పెట్టింది. 2019 డిసెంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని రెండుకు దించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఒళ్లు మరిచి గాలిలోకి పేల్చి ఇతరుల ప్రాణం మీదికి తెచ్చేవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంది. అప్పటికే మూడో తుపాకీ ఉన్నవారు దాన్ని ఏడాదిలోగా ఠాణాలోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలని గడువు పెట్టింది. ఆ గడువు ముగిశాక తొంభై రోజుల్లో అది లైసెన్సు నుంచి తొలగిపోవాలంది.