తావు తెలిపిన సంకేతములు

భిలాయి వైశాలినగరమునుండి సెలవు దినములలో దల్లీ రాజహరా కొండల వైపునకో, మరికొంత దూరమున నున్న సాలవనములలోనికో కాలినడక సాగించు యువకులకు నేడు అరచేత నిముడు నొక చిన్న యంత్రము తోడుగా నున్నది. జి.పి.ఎస్. అను ఆ యంత్రము ఆకాశమునందలి ఉపగ్రహముల సంకేతముల నందుకొని, మనుజుడు భూమిమీద ఏ అక్షాంశమున, ఏ రేఖాంశమున నున్నాడో అంకెలలో తెలుపును. అయితే చెట్లు దట్టమైన చోట, లోయ యిరుకైన చోట, "సంకేతము లేదు" అని మొగము చాటువేయును. సరిగా అవసరము వచ్చిన సమయముననే అది యిట్లు చేయునని పలువురు విసుగుకొందురు. ఈ సంకేతము కానరాకుండుట అను కష్టము క్రొత్తది కాదు. రెండు వందల యేండ్ల క్రిందట తెలుగుదేశపు అడవులలో దీనికై మనుష్యులు ప్రాణములనే యొడ్డవలసివచ్చెను.

1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి మదరాసు చెంత పరంగికొండ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిపించెను. దేశమంతటిని త్రిభుజములుగా విభజించి కొలుచు మహాకార్యమునకు అదియే నాంది. ఒక భుజము పొడవును, రెండు కోణములును తెలిసినచో తక్కిన రెండు భుజములను లెక్కకట్టవచ్చునని పాఠశాల విద్యార్థియు నెరుగును. కావున కొలతగాండ్రు ఒక కొండ శిఖరమునుండి ఇరువది ముప్పది మైళ్ల దూరమున నున్న మరియొక కొండ శిఖరమును చూచి కోణమును గణింపవలెను. అందులకై వారు కొనిపోయిన థియొడొలైటు అను యంత్రము అరటన్ను బరువుండెను. 1811లో గుత్తి వద్దను, 1815లో బీదరు సమీపమున దామరగిద్ద వద్దను మరల ఆధారరేఖలు కొలిచి తమ లెక్కలను సరిచూచుకొనిరి.

చదువుటకు ఇది సులభముగానే యుండును. కాని దూరపు కొండమీద దేనిని చూడవలెను? ముందుగా కొందరు జెండావారు ఆ కొండ నెక్కి, శిఖరముమీది చెట్లను నరికించి, ఎత్తయిన కొయ్యకు జెండాను కట్టి కాచుకొని యుండవలెను. ఇవతలి కొండమీద అధికారి దుర్భిణికి కన్ను ఆనించి ఆ జెండాకై వెదకుచుండును. వేసవిలో దుమ్మును, ఆవిరియు, దావాగ్ని పొగయు అలముకొని పది మైళ్ల దూరమే మసకబారిపోవును. ఆకాశము తేటపడి జెండా స్పష్టముగా కనుపించునది వానలు పడిన పిమ్మట, ఒక వానకును మరియొక వానకును నడుమ నున్న కొద్ది గడియలలో మాత్రమే. కాబట్టి అందరును ఇండ్లు చేరుకొను వర్షకాలముననే కొలతగాండ్రు అడవులలోనికి బయలుదేరెడివారు. సంకేతము దొరకు ఋతువును జ్వరములు ప్రబలు ఋతువును ఒక్కటే యగుటయే ఈ కథలోని విషాదము.

1818లో ఈ శాఖకు మహా త్రికోణమితీయ సర్వే అను పేరు వచ్చెను. ఆ యేడాది చివర జార్జి ఎవరెస్టు అను యువకుడు లాంబ్టనునకు సహాయుడుగా హైదరాబాదు చేరెను. మరుసటి వర్షకాలమున, 1819లో, అతనిని హైదరాబాదునకు తూర్పున కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులను కొలుచుటకు పంపిరి. వైద్యుడును భూగర్భ శాస్త్రజ్ఞుడును అయిన హెన్రీ వాయిసీ అతనికి తోడు. నదులు పొంగి దారులు మూసికొనిపోయెను. కొండమీద చెట్లు నరకు కూలీలు, సామాను మోయు బోయీలు, జెండావారు, కడకు ఎవరెస్టు, వాయిసీలును జ్వరమున పడిరి. కొందరు అక్కడనే మరణించిరి. తక్కినవారిని హైదరాబాదునకు మోసికొని రావలసివచ్చెను. ఎవరెస్టు ఆరోగ్యము కుదుటపడక 1820లో గుడ్‌హోప్ అగ్రమునకు వెళ్లెను. తరువాతి కాలమున అతని పేరు ప్రపంచములోనెల్ల ఎత్తయిన శిఖరమునకు పెట్టబడెను. ఆ అడవులలో జెండా పట్టుకొని నిలిచిన వారి పేర్లు సామాన్య చరిత్ర గ్రంథములలో కానరావు. వారు లేనిదే ఒక్క కోణమైనను దొరికెడిది కాదు.

ఆ జ్వరము చెడుగాలివలన వచ్చునని ఆనాటివారి నమ్మకము. దోమకడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదులో! ఎవరెస్టును మోసికొనివచ్చిన నగరమును ఆనుకొని యున్న ఊరిలోనే, డెబ్బది యెనిమిది సంవత్సరముల తరువాత.

లాంబ్టనుకు సైతము ఇల్లు చేరుట వ్రాసిపెట్టి యుండలేదు. హైదరాబాదునుండి నాగపురమునకు పోవుచు 1823 జనవరి 20న హింగన్‌ఘాటు వద్ద మరణించెను. ఆయన సమాధి అచ్చటనే కలదు. నాగపురము, బల్లార్షాల మీదుగా సికిందరాబాదునకు పోవు రైళ్లు ఆ ఊరిమీదుగనే పోవును. భిలాయి తెలుగు కుటుంబములలో ఆ దారిన ప్రయాణము చేయని వారు అరుదు.

ఇచట తెలుగువారి పాత్రను గూర్చి ఒక్కమాట చెప్పవలసియున్నది. కొలత యంత్రము అంకెలనే యిచ్చును, ఊరి పేరు నీయదు. మైసూరును, నిజాము రాజ్యభాగములను సర్వే చేసి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీకి ఆ లోటు తీర్చినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడైన వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసుననే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. ఊరూర కరణములను, పెద్దలను అడిగి కైఫీయతులు వ్రాయించి, శాసనములకు నకళ్లు తీయించిరి. మెకంజీ కీర్తిలో వీరికి రావలసిన పాలు నేటికిని పూర్తిగా ముట్టలేదనియే చెప్పవలెను.

జెండా కొండమీదినుండి ఆకాశమునకెక్కుటకు నూట డెబ్బది యైదేండ్లకు పైగా పట్టెను. అమెరికా రక్షణశాఖ మొదటి జి.పి.ఎస్. ఉపగ్రహమును 1978లో పంపెను. 1983 సెప్టెంబరు 1న కొరియా విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలమున ప్రవేశించి కూల్చివేయబడగా 269 మంది మరణించిరి. దాని తరువాతనే ఈ వ్యవస్థను పౌరులకును తెరతుమని అమెరికా ప్రకటించెను. అయినను పౌరుల సంకేతములో బుద్ధిపూర్వకముగా కొంత దోషమును కలుపుచుండిరి. 2000 మే నెలలో దానిని మానిన పిమ్మట గాని చేతి యంత్రము నడకరికి నిజముగా అక్కరకు రాలేదు.

ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండును. అచటినుండి సంకేతము నేలను చేరుటకు సెకండులో పదునైదవ వంతు చాలును. ఆ కాలమును బట్టి దూరమును లెక్కింతురు గనుక, గడియారము సెకండులో పదిలక్షలవ వంతు తప్పినను తావు మూడువందల మీటర్లు తప్పును. ఉపగ్రహములలో పరమాణు గడియారములుండగా, చేతి యంత్రములోనిది చౌక గడియారము. ఆ లోపమును దిద్దుకొనుటకే దానికి మూడింటికి బదులు నాలుగు ఉపగ్రహములు కనుపింపవలెను. ఇంతదూరము వచ్చిన సంకేతము మిక్కిలి బలహీనమైనది. కొండను చీల్చుకొని రాజాలదు. నీరు దానిని మ్రింగివేయును. తడిసిన ఆకులును, సగము పైగా నీరే అయిన మానవ శరీరమును అట్టివే. యంత్రమును లాగు జేబులో వేసికొని నడచువాడు ఆకాశములో సగభాగమునకు తన దేహమునే అడ్డుపెట్టుచున్నాడన్నమాట. దానిని భుజము పట్టెపైననో, వీపు సంచి పైభాగముననో కట్టుకొనుట మేలు. యాంటెన్నా బిళ్లవలె నున్న యంత్రమును ఆకాశమువైపు వెల్లకిల ఉంచవలెను. కొమ్మువలె పొడుచుకొనివచ్చిన దానిని నిలువుగా పట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, అడవి చొరకమునుపే యంత్రమును బయలులో తెరచుట. ప్రతి ఉపగ్రహమును తన కక్ష్యా వివరములను పంపుటకు ముప్పది సెకండ్లు పట్టును. చెట్ల నీడలో నడుచుచు తెరచినచో ఆ వివరములు నడుమ నడుమ తెగిపోయి యంత్రము వెదకుచునే యుండును. బయలులో ఒకమారు అందుకొన్నదో, పిమ్మట ఆకుల సందులనుండి జారు కొద్దిపాటి సంకేతముతోనైనను నెట్టుకొనివచ్చును. సెల్‌ఫోను టవరు లేని చోట జి.పి.ఎస్. పనిచేయదను భ్రమ పలువురికి గలదు. టవరు లేనిచో రానిది పటము మాత్రమే. దానిని ఇంటివద్దనే దింపుకొని పోవచ్చును. బ్యాటరీ అయిపోయిన నాడు కాగితపు పటమును దిక్సూచియునే గతి. కాని అయస్కాంత గుణము గల ఇనుపరాతి చెంత దిక్సూచి సూదిని గ్రుడ్డిగా నమ్మరాదు; ఖనిజపు కొండలకు పోవువారు ఇది గుర్తుంచుకొనవలెను.

మన దేశపు సంకేతములును నేడు కలవు. 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ఆ వరుసలో మొదటి ఉపగ్రహము ఎగసెను. ఏడవది 2016లో చేరగా ఆ వ్యవస్థకు నావిక్ అని పేరిడిరి. దానికిని గడియారపు గండము తప్పలేదు: విదేశమునుండి తెచ్చిన పరమాణు గడియారములు కొన్ని ఆగిపోయెను. స్వదేశమున చేసిన గడియారముతో 2023 మే 29న ఎన్.వి.ఎస్.-01 శ్రీహరికోటనుండియే వెడలెను.

ఇక పాత సర్వే పటమును చేతబట్టి నడచువారికొక చిక్కు గలదు. దామరగిద్దనుండి ఉత్తరమునకు కొలిచిన రేఖను ఆధారముగా గొని ఎవరెస్టు 1830లో భూమి ఆకృతిని గణించెను. మన పటములు తరతరములుగా ఆ లెక్కమీదనే గీయబడినవి. అది భారతదేశపు నేలకు ఒదుగునట్లు కుదిర్చినది, జి.పి.ఎస్. వాడునది భూమి యంతటికిని కుదిర్చిన మరియొక కొలమానము. అందుచే యంత్రము చూపు అంకెలను పాత పటముమీద గుర్తించినచో తావు వంద మీటర్లకు పైబడి ప్రక్కకు పోవును. చీకటి పడువేళ వాగునకు ఈవలి గట్టుననున్నామో ఆవలి గట్టుననున్నామో తేల్చుకొనవలసినవానికి ఆ తేడా చిన్నది కాదు. 2005 నాటి జాతీయ పటవిధానము తరువాత ప్రజలకై వెలువడు పటములను క్రొత్త కొలమానముననే అచ్చొత్తుచున్నారు. పాతవి వాడువారు యంత్రపు అమరికలలో ఎవరెస్టు పేరిట నున్న భారతీయ కొలమానమును ఎంచుకొని, బయలుదేరుటకు ముందు తెలిసిన యొక గుడివద్దనో, వంతెనవద్దనో అంకెలను పటముతో సరిచూచుకొనవలెను.