గోదావరి సీమలో మార్మిక భక్తి: ఏకాంత ధ్యానకూటములకు ఒక చరిత్ర

కోరుకొండ ప్రాంతపు కాపరి ఒకరు తన సంఘస్థులను శని, ఆదివారములలో ఏకాంత ప్రార్థనకు సమకూర్చి, క్రైస్తవ మార్మిక భక్తులను గూర్చి ధ్యానింపజేయ దలచినారనుకొందము. ఆవిలా తెరేసా, సిలువ యోహాను పేర్లు మొదట తోచును. వెంటనే సంఘపెద్దలలో ఎవరో ఒకరు, “అది రోమన్ కథోలికుల పద్ధతి కదా, అయ్యగారూ?” అని అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము.

రిట్రీట్ అను క్రమమునకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు ఇగ్నేషియస్ లొయోలా. 1548లో అచ్చయిన ఆయన గ్రంథము 30 దినముల ధ్యానమునకు ఉద్దేశింపబడినది. అయితే అంతకు 30 సంవత్సరముల ముందే, 1518లో, పేరు తెలియని ఒక జర్మను మార్మికుని గ్రంథమును పూర్తిగా అచ్చువేయించినది మార్టిన్ లూథరే. బైబిలు, అగస్టీను తరువాత తనకు ఎక్కువ నేర్పినది ఆ పుస్తకమేనని ఆయన చెప్పుకొన్నారు. యోహాన్ ఆర్న్‌ట్ 1605 నుండి వెలువరించిన భక్తిగ్రంథములలో ఈ ధార కొనసాగి, హాలే పట్టణపు భక్తివాదులకు చేరినది. బెంజమిన్ షుల్జ్ తెలుగు చిరుపుస్తకములు 1746–47లో అచ్చయినది ఆ హాలేలోనే. కనుక తెలుగు క్రైస్తవ ముద్రణకు పుట్టినిల్లు మార్మిక భక్తికి పరాయిది కాదు.

ఇక మన జిల్లాకు వత్తము. 1845లో వాలెట్ దొరగారు రాజమండ్రిలో లూథరన్ మిషను ప్రారంభించారు. ఆ సంఘములో, రాజమండ్రికి చేరువనున్న జేగురుపాడులో పుట్టి పెరిగినవారు ముంగమూరి దేవదాసు అయ్యగారు. ఉపాధ్యాయుడుగా, బోధకుడుగా పనిచేశారు, కీర్తనలు రచించారు. దేవుని సన్నిధిలో మౌనముగా కనిపెట్టుట ఆయన బోధకు ప్రాణము. ప్రభువు తమకు కనబడవలెనని, తమతో మాటలాడవలెనని అడుగుటకు విశ్వాసులకు నేర్పారు. 1938లో ‘బైబిలు మిషను’ అను మాటలు గాలిలో బంగారు అక్షరములతో కనబడెనని సాక్ష్యమిచ్చి, లూథరన్ సంఘమును విడిచారు. 1960లో గుంటూరు చెంత కాకానిలో ప్రభువునందు నిద్రించారు.

లూథరన్ పెద్దల సంకోచము నిరాధారము కాదు. బాహ్యవాక్యము లేకుండ ఆత్మను పొందితిమనువారిని లూథర్ 1537 నాటి ష్మాల్కాల్డ్ అధికరణములలో తీవ్రముగా ఖండించారు. కాని దేవదాసు అయ్యగారికి దర్శనములో వచ్చిన పేరులోనే ‘బైబిలు’ ఉన్నది! ఈ సంగతిపై వేదాంత విద్యార్థులు ఇంకను ఆలోచింపవలసి యున్నది. లూథరన్ పాదిరి, చిత్రకారుడు పి. సాల్మన్ రాజు 1986లో ప్రచురించిన పరిశోధన బైబిలు మిషనును క్రైస్తవ జానపద మతముగా పరిశీలించినది. అది విలువైన గ్రంథమే. అయినను, ఆ శీర్షిక క్రింద చేర్చుటవలన దేవదాసు అయ్యగారు లూథరన్ భక్తికి వారసుడను మాట మరుగున పడునేమోనని మా అనుమానము.

కూటము విషయమునకు వచ్చినచో, మన రిట్రీట్లలో ప్రసంగము వెంట ప్రసంగము, మైకు మ్రోతయే గాని మౌనమునకు చోటెక్కడ? ఆయన సన్నిధి కూటములలో చిన్నతనమున కూర్చున్నవారు నేడు 70 ఏండ్లు దాటినవారు. శనివారము సాయంకాలము అట్టి పెద్దవారిని ఒకరిని పిలిచి మాటలాడనిచ్చి, మైకు ఆపి, అరగంట ఊరక కనిపెట్టవచ్చును. తెరేసా మాట ఆదివారము చెప్పుకొనవచ్చును.