గొంతు ఒకరిది, పేరు ఒకరిది

పెళ్ళిపందిట్లో భజంత్రీలు కాస్త విశ్రాంతి తీసుకోగానే మైకుసెట్టు కుర్రవాడు వేసే పాట ఏ తరానికి ఆ తరానిదే. ఒక తరానికి మాత్రం అది "డిస్కో డాన్సర్" సినిమాలోది. 1982లో వచ్చిన ఆ హిందీ సినిమా డిస్కో అనే మాటను మన చిన్న చిన్న వూళ్ళకు కూడా మోసుకొచ్చింది. ఆ తరువాత మన సినిమా నర్తకి పేరుకు ముందు కూడా ఆ మాట చేరి డిస్కో శాంతి అయింది. మెరిసే బట్టలు, పైన తిరిగే అద్దాల బంతి, అంతే డిస్కో అని నేనూ అనుకున్నదాన్నే.

తీరా ఆ అద్దాల బంతి కింద నిలబడి మొదట పాడిన ఆడవాళ్ళెవరా అని చూస్తే, వాళ్ళలో చాలామంది అమెరికాలోని నల్లజాతి వాళ్ళ చర్చిలలో గొంతు విప్పినవాళ్ళు. బీద ఇళ్ళలో పుట్టి, పిల్లల తల్లులై, పాటను నమ్ముకుని బతికినవాళ్ళు. వయసు మళ్ళాక వాళ్ళు తమ కథలు తామే చెప్పుకున్నారు. కొందరు పుస్తకాలు రాశారు, కొందరు పత్రికలవాళ్ళకూ రేడియోవాళ్ళకూ చెప్పారు. సంగీతం కబుర్లు వుంటాయి గదా అని మొదలుపెడితే నాకు వాటిల్లో ఎక్కువగా కనిపించినవి లెక్కలు. పాడింది ఎవరు, పేరు ఎవరికి పడింది, డబ్బు ఎటు పోయింది అనేవి. ఆ సంగతులే ఇవాళ మీతో చెప్పుకుందామని.

ముందు రెండు మాటల అర్థం చెప్పుకోవాలి. చర్చిలో పాడే భక్తిపాటను వాళ్ళు గోస్పెల్ అంటారు. మన భజనలాగే ఒకరు ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటారు. పాడేవాళ్ళు పూనకం వచ్చినట్టు పాడతారు. దేవుడి కోసం పాడే ఆ తీరునే మనిషి మీది ప్రేమకూ బాధకూ మళ్ళిస్తే వచ్చింది సోల్. డెట్రాయిట్‌లో మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డు కంపెనీలు 1960 దశకంలో ఆ పాటను దేశమంతా వినిపించాయి. 1970 దశకం నడిమికి వచ్చేసరికి న్యూయార్కు వంటి నగరాల నాట్యశాలల్లో, ఒక రికార్డు అయిపోకముందే ఇంకో రికార్డును అందులో కలిపి, ఆడేవాళ్ళ కాలు ఆగకుండా చూసే పద్ధతి వచ్చింది. దానికోసమే పన్నెండు అంగుళాల పొడుగు పాటల రికార్డులు తయారయ్యాయి. నిమిషానికి కాస్త అటూ ఇటూగా 120 దెబ్బలు పడే తాళం. అదే డిస్కో. తాళం కొత్తదే గాని గొంతులు పాతవే, సోల్ నుంచి వచ్చినవే.

చర్చి పాట పాడే పిల్ల క్లబ్బుల్లో పాడటమంటే వాళ్ళ ఇళ్ళల్లో పెద్ద తప్పు. మనవైపు మాత్రం తక్కువా? త్యాగరాజ కీర్తనలు నేర్పించిన ఇంట్లోనే పిల్ల సినిమాకు పాడతానంటే ఎంత రాద్ధాంతం జరిగేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కాండీ స్టేటన్ కథ చూడండి. 1940లో అలబామా రాష్ట్రంలో పుట్టారు. చిన్నపిల్లగా వుండగానే అక్కతో కలిసి జ్యూయెల్ గోస్పెల్ ట్రయో అనే బృందంలో చేరి 1950లలో వూరూరా తిరిగి భక్తిపాటలు పాడారు. తర్వాత పెళ్ళి, పిల్లలు. మళ్ళీ గొంతు సవరించుకుని మజిల్ షోల్స్ అనే చిన్న వూళ్ళోని ఫేమ్ స్టూడియోలో సోల్ పాటలు రికార్డు చేశారు. 1976లో ఆమెకు ప్రపంచంలో పేరు తెచ్చిన డిస్కో పాట "యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ". ఆడపిల్లల్లారా, తొందరపడి చిక్కుకోకండి అన్న ధోరణి దానిది. ఆ పాట ఎలా పుట్టిందో ఆవిడే చెప్పారు. అప్పట్లో ఆమె తనను హింసించే మనిషితో వుంటున్నారు, అక్కణ్ణించి బయటపడే దారి వెతుక్కుంటున్నారు. పాటను తయారుచేసిన డేవిడ్ క్రాఫర్డ్ భోజనం దగ్గర కూర్చోబెట్టి, నీ జీవితంలో ఏం జరుగుతున్నదని అడుగుతూ, ఆవిడ చెప్పినదల్లా కాగితం మీద రాసుకున్నాడట. ఆ కష్టమే పాటయింది. ఇంగ్లండులో రెండో స్థానం దాకా పోయింది. నాట్యశాలల్లో జనం నవ్వుతూ తుళ్ళుతూ ఆడారు. ఆడేవాళ్ళలో మాటలు విన్నవాళ్ళు ఎంతమందో!

తర్వాత ఆమె తాగుడుకు అలవాటు పడి, దాన్ని మానుకుని, 1980 దశకం మొదట్లో మళ్ళీ చర్చి పాటలకే వెళ్ళిపోయారు. అక్కడితో డిస్కో అధ్యాయం అయిపోయిందనుకున్నారు. 1986లో లావుపాటి మనిషి ఒకరు బరువు తగ్గటాన్ని గురించి తీస్తున్న వీడియో కోసం "యూ గాట్ ద లవ్" అనే పాట పాడి, ఆ సంగతి మరిచిపోయారు. ఆ పాటలోని గొంతును మాత్రం ఎవరో వేరుచేసి, వేరే వాద్యాల మీద అతికించి, నాట్యశాలల్లో వేయటం మొదలుపెట్టారు. 1991లో అది ఇంగ్లండులో నాలుగో స్థానానికి చేరింది. 2009లో ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్ అనే బృందం మళ్ళీ పాడితే మరో తరానికి తెలిసింది. ఈవిడేమో ఇక్కడ చర్చిలో పాడుకుంటున్నారు, ఈవిడ గొంతేమో సముద్రం దాటి తన దారిన తాను తిరుగుతోంది. చిత్రంగా లేదూ?

గ్లోరియా గేనర్ పేరు మీలో కొందరు వినే వుంటారు. 1978లో న్యూయార్కులో వేదిక మీద పాడుతూ వెనక్కి పడిపోయారు. తెల్లారి లేవబోతే నడుము కింద స్పర్శ లేదు. వెన్నెముకకు ఆపరేషను జరిగింది. అదే సంవత్సరం, నడుముకు పట్టీ కట్టుకుని స్టూడియోకు వెళ్ళి పాడినదే "ఐ విల్ సర్వైవ్", అంటే నేను బతికి తీరతాను అని. కంపెనీవాళ్ళకు ఆ పాట మీద నమ్మకం లేదు. రికార్డుకు రెండో వైపున, మన భాషలో చెప్పాలంటే పెరటి వైపున వేశారు. ఆవిడకూ భర్తకూ మాత్రం గట్టి నమ్మకం. స్టూడియో 54 అనే పేరుమోసిన నాట్యశాలకు రికార్డు పట్టుకెళ్ళి, అక్కడ రికార్డులు వేసే రిచీ కాజర్ చేతిలో పెట్టారు. అతను తిప్పి రెండో వైపు వేశాడు. 1979 మార్చికల్లా అది అమెరికాలో మొదటి స్థానానికి వచ్చింది. 1980లో దానికి ఉత్తమ డిస్కో రికార్డుగా గ్రామీ బహుమతి ఇచ్చారు. ఆ పేరుతో బహుమతి ఇచ్చింది ఆ ఒక్క ఏడాదే, మళ్ళీ ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదంటే అప్పటికే గాలి తిరిగింది. 1979 జూలై 12న షికాగోలో కొమిస్కీ పార్కు అనే బేస్‌బాల్ మైదానంలో ఒక తతంగం జరిగింది. చేసినవాడు రేడియో అనౌన్సరు కావటం నాకు కొంచెం గుచ్చుకునే విషయం. స్టీవ్ డాల్ అని, తాను పనిచేసే స్టేషను డిస్కో పాటలకు మారటంతో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. డిస్కో రికార్డు ఒకటి తెచ్చి ఇస్తే 98 సెంట్లకే టిక్కెట్టు అన్నారు. యాభైవేలమంది దాకా వచ్చారు. రెండు ఆటల నడుమ రికార్డులన్నీ పెట్టెలో పోసి మైదానం మధ్య మందుగుండుతో పేల్చేశారు. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు, రెండో ఆట జరగనే లేదు. ఆరోజు అక్కడ టిక్కెట్లు చూసే పనిలో వున్న నల్లజాతి కుర్రవాడు విన్స్ లారెన్స్ తర్వాత చెప్పిన మాటేమంటే, జనం తెచ్చినవన్నీ డిస్కో రికార్డులు కావు, నల్లవాళ్ళు పాడినవైతే చాలు తెచ్చి పడేశారని. పాటంటే ఇష్టం లేకపోతే వినటం మానేస్తాం. పెట్టెలో పోసి పేల్చటంలో వున్నది సంగీతం గొడవ కాదని నాకు అనిపిస్తుంది.

ఏమైతేనేం, కంపెనీలు చప్పున చేతులు దులుపుకున్నాయి. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న గాయనులకు పని లేకుండా పోయింది. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదుగా! పదేళ్ళు తిరిగేసరికి ఆ గొంతులే కావలసి వచ్చాయి, మనుషులు అక్కర్లేకుండా.

మార్తా వాష్ సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1953లో పుట్టి, చర్చిపాటలతో పెరిగిన మనిషి. భారీ విగ్రహం, అంతకన్నా భారీ గొంతు. సిల్వెస్టర్ అనే గాయకుడి వెనక వంతపాట పాడుతూ, తోటి గాయని ఇజోరాతో జట్టు కట్టారు. ఇద్దరూ లావుపాటి వాళ్ళే. ఎవరో నవ్వేలోపలే తామే నవ్వుతూ తమ జట్టుకు "టూ టన్స్ ఓ ఫన్" అని పేరు పెట్టుకున్నారు. రెండు టన్నుల సరదా అన్నమాట. 1982లో "ఇట్స్ రెయినింగ్ మెన్" అనే పాట వాళ్ళ దగ్గరకు వచ్చింది. డానా సమ్మర్, డయానా రాస్ వంటి పెద్దవాళ్ళు వద్దన్న పాట అది. వీళ్ళు పాడితే ఇంగ్లండులో రెండో స్థానానికి పోయింది. జట్టు పేరు కూడా అప్పటినుంచే "వెదర్ గర్ల్స్" అయింది.

1990 ప్రాంతాల్లో బ్లాక్ బాక్స్ అనే ఇటలీ సంగీత బృందం ఆమెను పిలిపించి పాటలు పాడించుకుంది. ఇవి నమూనాలే, వేరే గాయనికి చూపించటానికి అన్నారు. కూలి ఇచ్చి పంపేశారు. రికార్డు బయటికి వస్తే చూద్దుం గదా, అందులో వినిపించే గొంతు ఈవిడదే! అట్ట మీదా వీడియోల్లోనూ మాత్రం కాట్రిన్ కినోల్ అనే సన్నటి ఫ్రెంచి మోడలు పెదవులు కదుపుతున్నది. ఇది చాలదన్నట్టు, సి అండ్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే మరో బృందం 1990లో తెచ్చిన పాటలోనూ ఇదే వరస. వీడియోలో ఈవిడ గొంతుకు ఇంకో అమ్మాయి నోరు కదిపింది. 1991లో ఆ పాట అమెరికాలో మొదటి స్థానంలో వుంది.

మార్తా వాష్ కోర్టుకు వెళ్ళారు. ఒక కంపెనీతో రాజీ కుదిరింది. ఆ రాజీ ఫలితంగానే 1993లో ఆమె సొంత పేరుతో రికార్డు వచ్చింది. ఇంకోదానితో వ్యాజ్యం 1994లో తేలింది. రికార్డు మీదా వీడియో మీదా గొంతు ఎవరిదో అచ్చువేయటం అక్కడ మామూలు కావటానికి ఆవిడ పోరాటమే కారణమని సంగీతం తెలిసినవాళ్ళు చెబుతారు. ఆవిడ అడిగింది డబ్బు ఒక్కటే కాదు. నా వొళ్ళు కనిపించటానికి పనికిరాకపోతే నా గొంతు వినిపించటానికి ఎలా పనికొచ్చింది అని.

మీరు అడగవచ్చు, మన సినిమాల్లో ఎప్పుడూ జరిగేది ఇదేగదా, గాయని ఒకరు, తెర మీద పెదవులు కదిపేది మరొకరు, ఇందులో తప్పేముందని. తేడా పేరు దగ్గర వుంది. మన దగ్గర కూడా మొదట్లో పేరు లేదు. 1949లో "మహల్" సినిమా పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు తెర మీది పాత్ర పేరు కామిని అని వేశారు. ఆ కామిని ఎవరని జనం ఆరా తీశాకే లత పేరు బయటికి వచ్చింది. సుశీల గారి పేరు, జానకి గారి పేరు ప్రతి పాటకూ ముందు రేడియోలో చెప్పటం అలవాటైన చెవులు మనవి. అమెరికా వంటి దేశంలో 1990లో కూడా పేరు కోసం కోర్టెక్కవలసి వచ్చిందంటే ఆశ్చర్యంగానే వుంటుంది.

లోలియాటా హాలోవే గారిది కూడా ఇటువంటిదే. షికాగో గాయని. 1980లో డాన్ హార్ట్‌మన్ రాసిన "లవ్ సెన్సేషన్" పాడారు. ఆయనకు తృప్తి కలగక మళ్ళీ మళ్ళీ పాడించాడట, దాదాపు ముప్ఫైసార్లు. గొంతు పోకుండా కాఫీలో విక్సు కలుపుకుని తాగి పాడారని చెబుతారు. (మీరు మాత్రం చేయకండి, విక్సు డబ్బా మీదే వద్దని వుంటుంది.) అంత కష్టపడి పాడిన పాటలోంచి ముక్కలు కత్తిరించి అదే బ్లాక్ బాక్స్ బృందం 1989లో "రైడ్ ఆన్ టైమ్" తయారుచేసింది. ఇంగ్లండులో ఆరు వారాలు మొదటి స్థానం, ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన రికార్డు. దానికీ నోరు కదిపింది ఆ మోడలే. గొడవ జరిగాకే హాలోవేకు కొంత ముట్టింది. 1991లో మార్కీ మార్క్ అనే యువకుడు ఆ గొంతునే తన పాటలో వాడుకున్నప్పుడు మాత్రం అట్ట మీద ఆవిడ పేరు కూడా వేశారు. ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చింది. ఆవిడ 2011లో పోయారు.

రేడియోకు సంబంధించిన మాట ఒకటుంది. అమెరికాలో మామూలు రేడియో స్టేషను పాట వేసినప్పుడల్లా ఆ పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు డబ్బు చేరుతుంది. పాడినవాళ్ళకు చట్టప్రకారం ఏమీ రాదు. అరీథా ఫ్రాంక్లిన్ "రెస్పెక్ట్" పాట 1967 నుంచీ ఎన్ని లక్షలసార్లు వేసివుంటారో! డబ్బు మాత్రం అది రాసిన ఓటిస్ రెడ్డింగ్ వైపుకు వెళ్ళింది. ఇంటర్నెట్టు, ఉపగ్రహ రేడియోల విషయంలో 1995లో వచ్చిన చట్టంతో పాడినవాళ్ళకూ కొంత వాటా ఏర్పడింది గాని మామూలు రేడియోకు ఆ నియమం లేదు. పాట వేస్తే పాడినవాళ్ళకు ప్రచారం వస్తుంది గదా, అదే వాళ్ళ కూలి అని స్టేషన్లవాళ్ళ వాదన. ప్రచారంతో పొయ్యి వెలుగుతుందా అని మనబోటి వాళ్ళం అడుగుతాం.

బెట్టీ లవెట్ గారితో ముగిస్తాను. డెట్రాయిట్ మనిషి, 1946లో పుట్టారు. పదహారో యేట, 1962లో మొదటి రికార్డు వచ్చింది, బాగా ఆడింది. తోటివాళ్ళంతా పెద్ద తారలయ్యారు గాని ఈమె మాత్రం అక్కడే వుండిపోయారు. 1972లో అట్లాంటిక్ కంపెనీ మజిల్ షోల్స్‌లో ఆమెచేత పూర్తి ఆల్బం పాడించింది. ప్రచారానికి వూళ్ళు తిరగటానికి విమానం టిక్కెట్లు కూడా వచ్చేశాయి. అంతలో ఫోను వచ్చింది, ఆల్బం విడుదల చేయటం లేదు, టిక్కెట్లు తిప్పి పంపమని. కారణం ఎవరూ చెప్పలేదు. ఇంట్లో భోజనాల బల్ల కిందకు దూరి రోజుల తరబడి అక్కడే వుండిపోయానని ఆమె 2012లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ తర్వాత నాటకాల్లో పాడారు, 1978లో ఒక డిస్కో పాట పాడారు, చిన్న చిన్న క్లబ్బుల్లో పాడుతూనే వచ్చారు.

ఆ టేపులు కంపెనీ అరల్లో పడివుండగా, ఫ్రాన్సు దేశంలో పాత రికార్డులు సేకరించే జిల్ పెటార్ అనే ఆయన వాటి జాడ తీసి, 2000లో రికార్డుగా అచ్చు వేయించాడు. పాడినప్పుడు ఆమెకు 26 ఏళ్ళు, బయటికి వచ్చినప్పుడు 54. 2005లో కొత్త ఆల్బం వచ్చింది, పత్రికలు మెచ్చుకున్నాయి. 2008 డిసెంబరులో వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటరులో ద హూ అనే ఇంగ్లీషు బృందానికి సన్మానం జరుగుతుంటే, వాళ్ళ పాటనే ఈమె తనదైన సోల్ బాణీలో పాడారు. ఆ పాట రాసిన పీట్ టౌన్‌షెండ్ పైన బాల్కనీలో కూర్చుని విన్నారు. ఆ కార్యక్రమాన్ని టెలివిజనులో చూసి, ఎవరీ కొత్త గాయని అని చాలామంది అడిగారట. అప్పటికి ఆవిడ పాడటం మొదలుపెట్టి 46 ఏళ్ళు.