గండికోట: లోయ, కోట, నీరు

విద్యార్థులారా, గండి అనే మాట మీకు తెలిసినదే. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. కొండల వరుస ఒకచోట తెగి, ఆ సందులోంచి ఏరు దారి చేసుకొని పోతే ఆ చోటునూ గండి అనే అంటాం. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండలు దాటే చోటుకు గండి అనే పేరే స్థిరపడింది. అదే జిల్లాలో పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయే చోట, ఆ చీలిక అంచున కట్టిన కోట గండికోట. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరం.

ఈ మధ్య కాలంలో మీ వయసువారు చాలామంది అక్కడికి వెళుతున్నారు. లోయకు దగ్గరలో గుడారాల్లో ఒక రాత్రి గడిపి, సూర్యోదయం చూసి, వీలుంటే పడవ ఎక్కి, మధ్యాహ్నానికి తిరుగుముఖం పడుతున్నారు. వెళ్లడం మంచిదే. అయితే వెళ్లేటప్పుడు ఒక ప్రశ్నను కూడా వెంట తీసుకొని వెళ్లండి: ఇక్కడి నీరు ఎక్కడిది? చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాని ఆ రాతి గోడలకూ, కోటలో బతికిన మనుషులకూ, ఇవాళ మీరు ఎక్కే పడవకూ ఈ ఒక్క ప్రశ్నతోనే సంబంధం ఉంది.

ముందు రాయిని చూద్దాం. లోయ అంచున నిలబడితే ఎదుటి గోడ ఎవరో తాపీమేస్త్రీ కూర్చి పేర్చినట్లు కనిపిస్తుంది. అడ్డంగా పొరలు, నిలువుగా చీలికలు. ఇది క్వార్ట్‌జైట్ అనే రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి ఈ ఊరి పేరే పెట్టి గండికోట క్వార్ట్‌జైట్ అన్నారు. ఒకప్పుడు ఇక్కడ పరచుకొన్న నీటి అడుగున పేరుకొన్న ఇసుక ఇది. పైపొరల బరువుకు అణగి, రేణువుల మధ్య సిలికా చేరి, గట్టిపడి రాయి అయింది. వయసు నూరు కోట్ల సంవత్సరాలకు పైమాటే. అప్పటికి నేలమీద చెట్టూ లేదు, జంతువూ లేదు. కడప జిల్లా రాళ్లలో మీరు డైనోసార్ ఎముకల కోసం వెతకనక్కరలేదని నేను విద్యార్థులతో తరచు అనేది ఇందుకే.

ఇంత గట్టి రాతిని నీరు కోసిందా అని అడుగుతారు. ఒట్టి నీరు కాదు, నీటిలో కొట్టుకొచ్చే ఇసుక, గులకరాళ్లు కోశాయి. వరద వచ్చిన ప్రతిసారీ అవి అడుగును గీకుతాయి. నిలువు చీలికల వెంట దిమ్మెలు ఊడి పడతాయి. రాయి గట్టిది కాబట్టే గోడలు వాలుగా జారిపోకుండా నిటారుగా మిగిలాయి. మెత్తటి రాయి అయితే ఇక్కడ వెడల్పాటి పల్లం ఏర్పడేది, కోట ఉండేది కాదు. లోయ లోతు సుమారు 300 అడుగులు, అంటే 90 మీటర్లు. అంత ఎత్తు నుంచి జారవిడిచిన రాయి కిందికి చేరడానికి దాదాపు 4.3 సెకన్లు పడుతుంది. ఈ లెక్కను కాగితం మీదనే చేయండి. కింద పడవలు ఉండవచ్చు.

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. గోదావరి, కృష్ణల వలె పడమటి కనుమల వర్షం దీనికి అందదు. వానాకాలంలో పొంగుతుంది, వేసవిలో ఇసుక మిగులుతుంది. కోటకు ఈ నది కందకంగా పనికివచ్చింది కాని తాగునీటికి కాదు. 300 అడుగుల కింద ఉన్న ఏటిలోంచి, అదీ శత్రువు చుట్టుముట్టి ఉన్నప్పుడు, కడవలతో నీళ్లు మోసుకొని రావడం ఎవరివల్ల అవుతుంది? నదిని చూస్తూ దప్పికతో చావగల చోటు ఇది. అందుకే కోటలోకి వెళ్లగానే బురుజుల కంటే ముందు చెరువును చూడమంటాను. రాయలచెరువు, కోనేళ్లు, బావులు, వాటికి నీరు చేరే వాలు, ఇవే ఈ కోటకు అసలు ప్రాణం.

కోట పుట్టుక గురించి ఒక కథనం ఉంది. కల్యాణి చాళుక్యుల రాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు కాకరాజు క్రీ.శ. 1123లో దీనిని కట్టించాడని చెబుతారు. దీన్ని ఒకసారి లెక్క వేసి చూడండి. ఆహవమల్ల బిరుదుతో ప్రసిద్ధుడైన మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123లో కల్యాణిలో ఉన్నది ఆరవ విక్రమాదిత్యుడు. సంవత్సరం నిజమైతే రాజు పేరు కుదరదు, రాజు నిజమైతే సంవత్సరం కుదరదు. అంతమాత్రాన కథనాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. ఎన్నో తరాల జ్ఞాపకం దానిలో ఉంది. శాసనంతో, ఇతర ఆధారాలతో సరిచూసుకొని ఎంతవరకు తీసుకోవాలో అంతవరకే తీసుకోవాలి.

విజయనగర కాలానికి వచ్చేసరికి నేల కొంత గట్టిపడుతుంది. పెమ్మసాని నాయకులు ఇక్కడ నుంచి పాలించారు. వారిలో రామలింగ నాయుడు కృష్ణదేవరాయల పక్షాన చేసిన యుద్ధాల ముచ్చట రాయవాచకంలో వస్తుంది. మాధవరాయ ఆలయ గోపురం, రంగనాథాలయం, పెద్ద ధాన్యాగారం, ఆ తరువాతి కాలపు జామా మసీదు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ధాన్యాగారం ముందు కాసేపు ఆగండి. కోట కట్టినవాడు ఆలోచించేది రెండే రెండు: ఎన్ని నెలల తిండి, ఎన్ని నెలల నీరు.

ఆ లెక్కకు పరీక్ష పదిహేడవ శతాబ్దం నడుమ వచ్చింది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మీర్ జుమ్లా మహా సమర్థుడైన మంత్రి, సేనాని, పైగా వజ్రాల వ్యాపారి. ఆయన గండికోటను ముట్టడించి పట్టుకొన్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. మూడు నెలల ముట్టడి తరువాత కోట పడి తాను వచ్చేనాటికి ఎనిమిది రోజులే అయిందని రాశాడు. కోట 1650లోనే చేజిక్కిందని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. తేదీ ఎలా ఉన్నా, ఆయన కళ్లతో చూసి రాసిన వర్ణన మాత్రం చాలా విలువైనది.

కొండ మీదికి ఒకటే దారి అంటాడు. 20 లేక 25 అడుగుల వెడల్పు, కొన్నిచోట్ల 7, 8 అడుగులే. దారికి కుడివైపు భయంకరమైన లోయ, దాని అడుగున నది. కొండ మీద చిన్న మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయనీ, ఊటలు వాటికి నీరిస్తున్నాయనీ రాశాడు. నీటి సంగతి ఆయన కంటపడింది చూశారా! తక్కిన వైపులన్నీ లోయలే కాబట్టి, లోపలివారు కాపలా కాయవలసినది 400 లేక 500 అడుగుల మేర, అంటే మనిషి నడక అడుగుల లెక్కన, మైదానం వైపు మాత్రమే. వారి దగ్గర రెండే ఇనుప ఫిరంగులు ఉన్నాయట. అయినా మూడు నెలలు నిలిచారు. మీర్ జుమ్లా తన దగ్గరి ఐరోపా గోలందాజులకు నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానని ఆశపెట్టి, నాలుగు ఫిరంగులను కొండ మీదికి ఎక్కించిన తరువాతే ద్వారం బద్దలైంది. లోపలివారు గౌరవప్రదమైన షరతులతో కోట అప్పగించి బయటికి వచ్చారని ఆయన మాట. విషప్రయోగమూ ద్రోహమూ జరిగాయని స్థానిక కథలు చెబుతాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఓడినవారి కథ ఒకరకంగా, గెలిచినవాని అతిథి రాసినది మరొక రకంగా ఉండడం చరిత్రలో కొత్త కాదు.

మీర్ జుమ్లా పని తీరును కూడా టావెర్నియర్ రాశాడు. ఆయన కాలివేళ్ల సందున, ఎడమచేతి వేళ్ల సందున కాగితాలు పెట్టుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయించేవాడట. ఇప్పటి మన కార్యాలయాల్లో దస్త్రాలు కదిలే వేగం చూస్తే ఆ పద్ధతే నయమేమో అనిపిస్తుంది!

విజ్ఞాన శాస్త్రం చదివేవారికి ఇంకొక సంఘటన ఆసక్తిగా ఉంటుంది. ఆలయాల నుంచి పోగుచేయించిన రాగి విగ్రహాలను కరిగించి ఇరవై ఫిరంగులు పోయమని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచివానికి చెప్పాడు. పది 48 పౌండ్ల గుండు వేసేవి, పది 24 పౌండ్లవి. కరిగించడమైతే జరిగింది, పనికివచ్చే ఫిరంగి మాత్రం ఒక్కటీ రాలేదు. గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు ఎంత చేసినా కరగలేదని కూడా టావెర్నియర్ రాశాడు. దీన్ని మహిమ అన్నవారు ఉంటారు, పనివాని చేతకానితనం అన్నవారు ఉంటారు. శుద్ధమైన రాగి 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పెద్ద విగ్రహం నిండా ఆ వేడి ఒక్కసారిగా నిలపాలంటే కొలిమి, బొగ్గు, తిత్తులు ఎంత కావాలో ఊహించండి. పైగా రకరకాల గుళ్ల విగ్రహాల్లో తగరం, తుత్తునాగం, సీసం పాళ్లు రకరకాలుగా ఉంటాయి. అన్నీ కలిపి కరిగించిన లోహం బలం ఎంతో ముందుగా చెప్పలేము. పోత అచ్చులో తేమ మిగిలినా ఫిరంగి పగులుతుంది. ఇక్కడ ఏ కారణం పనిచేసిందో తేల్చేందుకు ఆ లోహపు ముక్క మన చేతిలో లేదు. గుళ్లు మాత్రం విగ్రహాలు పోగొట్టుకొన్నాయి. దేవుడు లేని మాధవరాయ ఆలయంలో నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలు.

ఆ పైన కథ త్వరగా నడుస్తుంది. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరి 1663లో మరణించాడు. కోట పలువురి చేతులు మారి హైదరాలీకి దక్కింది. 1791లో టిప్పు సుల్తానుతో యుద్ధ సమయంలో కంపెనీ సైన్యం పట్టుకొంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఫిరంగులు పెద్దవై, రాజ్యాలు పెద్దవై, కొండకోటలకు పని లేకుండా పోయింది.

ఇప్పుడు పడవ దగ్గరికి వద్దాం. కోటకు ఎగువన పెన్నాపై గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం జలాశయం ఉంది. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ లెక్కన సుమారు 76 కోట్ల ఘనపు మీటర్లు. అంత నీరు పెన్నాలో ఏటేటా రాదు. గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరకల్లు, అవుకు మీదుగా కాలువల్లో, సొరంగాల్లో వచ్చే కృష్ణా వరద నీరే దీనికి ప్రధానం. అంటే మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర కురిసిన వాన కూడా ఈ లోయలో ఉండవచ్చు. పెన్నా కోసిన గండిలో కృష్ణ నీరు! ఇక్కడి నుంచి ఆ నీటిని ఎత్తిపోసి మరికొన్ని జలాశయాలకూ పంపుతున్నారు. ఏటా సగటున 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే సీమలో ఈ నీటి విలువ ఏమిటో వేరుశనగ ఎండిపోవడం చూసిన రైతును అడగండి.

అయితే జలాశయం అడుగున నేల ఖాళీగా లేదు. కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు, పరిహారమూ ఇళ్లూ పూర్తిగా అందకముందే నీరు వస్తోందని అక్కడివారు ఆందోళన చేశారు. చివరికి ఊరు విడిచి వెళ్లారు. నా అభిప్రాయం దాచుకోను: సీమకు నీరు రావలసిందే. కాని ఊరు ఇచ్చినవారి లెక్క నీరు రాకముందే తేలి ఉండవలసింది. మీర్ జుమ్లా ముట్టడికి కనీసం ఒక విదేశీయుడు సాక్ష్యం రాసి పెట్టాడు. ఈ ఊళ్ల వీధులు, బావులు, జాతరలు ఎవరు రాస్తారు? ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవారు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. వారి జ్ఞాపకాలు ఉన్నంతవరకే ఈ చరిత్రకు ఆధారం ఉంటుంది.

వెళ్లేవారికి కొన్ని మాటలు. వాన వెలిసిన తరువాత, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అనుకూలమైన కాలం. లోయ అంచున కమ్మీలు లేని చోట్లు ఉన్నాయి, ఫొటో కోసం అంచుకు పోకండి. పడవ తిరగడం నీటిమట్టంపై ఆధారపడుతుంది. రక్షణ చొక్కా లేకుండా ఎక్కవద్దు. జామా మసీదు దగ్గర కత్తుల కోనేరు అనే కోనేరు ఉంది. యుద్ధం తరువాత కత్తులు అందులో కడిగేవారనీ, అందుకే ఆ నీరు ఎర్రబారిందనీ చెబుతారు. ఎర్రటి నేల, రాతిలోని ఇనుము కూడా నీటిని ఎర్రబరచగలవు. ఒక గాజుసీసాలో కొంచెం నీరు పట్టి రాత్రంతా కదల్చకుండా ఉంచండి. తెల్లవారేసరికి అడుగున ఎర్రమన్ను పేరుకొని పైన నీరు తేటపడితే అది మట్టి రంగు. తేటపడకపోతే సీసాను మూతపెట్టి మీ రసాయన శాస్త్రం అయ్యవారి దగ్గరికి తీసుకొని వెళ్లండి.

తిరుగు ప్రయాణంలో సమయం ఉంటే జమ్మలమడుగు వైపు నేరుగా పోకుండా ఒక పునరావాస కాలనీలో ఆగండి. అక్కడ పెద్దవారు ఎవరైనా కనిపిస్తే, అవ్వా, మీ ఊళ్లో తాగే నీళ్ల బావి ఎక్కడ ఉండేది అని అడిగి, చెప్పింది చెప్పినట్లు రాసుకోండి.