బర్ఫ్ మీద పుట్టే బచ్చాలు



పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్ పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా మా అబ్బా ఒక మాట అనేవారు. "బేటా, మన షహర్‌కి నక్షా గీసిన బుజుర్గ్ ఇక్కడే సోయించి ఉన్నారు. సమందర్ ఒడ్డు ఇలాఖా నుంచి వచ్చారాయన." ఏ సమందర్ అని నేనెప్పుడూ అడగలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా చిన్నమ్మాయి అడిగింది.

మీర్ మోమిన్ వతన్ అస్తరాబాద్. ఈరోజు ఇరాన్‌లో దాన్ని గోర్గాన్ అంటారు. బీదర్‌లో మదర్సా కట్టించిన బహమనీ వజీర్ మహమూద్ గవాన్ వతన్ గీలాన్. రెండూ ఒకే సమందర్ దక్షిణపు ఒడ్డున ఉన్న ఇలాఖాలు. పాత అరబ్బు కితాబుల్లో దాని పేరు బహ్రె ఖజర్. మన స్కూలు పుస్తకాల్లో కాస్పియన్. పేరుకి సమందర్ గానీ, నాలుగు వైపులా నేలే. ప్రపంచంలో ఇంత పెద్ద సరస్సు ఇంకోటి లేదు.

ఈ సంగతి 10వ శతాబ్దంలోనే మసూదీ ఖుద్ గా తెలుసుకున్నాడు. కాస్పియన్ నల్ల సముద్రంతో కలుస్తుందని ఆ జమానాలో కొందరు రాసేవారు. మసూదీ గోర్గాన్ వైపు రేవు అబస్కూన్ నుంచి పడవ ఎక్కాడు. తాజిర్లనీ, పడవవాళ్ళనీ పూఛ్‌తాఛ్ చేసి, అలాంటి దారేదీ లేదని రాసిపెట్టాడు.

దారి లేని ఆ నీళ్ళలో ఒక జానవర్ ఉంది. కాస్పియన్ సీల్. సముద్రపు ప్రాణి అయినా దానికి సముద్రం తెలియదు. ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. కజక్ జబాన్‌లో దాన్ని ఇత్‌బలిక్ అంటారు, అంటే కుక్క చేప. అజర్‌బైజాన్ వాళ్ళు సుఇతి అంటారు, అంటే నీటికుక్క. మన తెలుగులో నీటికుక్క వేరే జానవర్ అనుకోండి, అయినా ఆ పేరు వినగానే నాకు దగ్గరి చుట్టంలా అనిపించింది.

మన ఇళ్ళలో బర్ఫ్ అంటే ఇఫ్తార్ షర్బత్‌లో వేసే ముక్క. దీనికి బర్ఫే జచ్చాఖానా. కాస్పియన్ ఉత్తర భాగం చాలా లోతు తక్కువ, సగటున 5 మీటర్లే. అందుకే చలికాలంలో గడ్డకడుతుంది. జనవరి ఆఖర్లో, ఫిబ్రవరి మొదట్లో ఆడ సీల్ ఆ బర్ఫ్ మీద ఒకే ఒక్క బచ్చాను కంటుంది. తెల్లటి ఉన్నిలాంటి బొచ్చు. ఆ బొచ్చు చలిని ఆపుతుంది గానీ తడిస్తే పనికిరాదు. నాలుగైదు వారాలు పాలు తాగి, ఆ బొచ్చు రాలి, కొత్త బొచ్చు వచ్చేదాకా కింద బర్ఫ్ గట్టిగా నిలవాలి. ముందే విరిగితే పిల్ల నీళ్ళపాలు. బర్ఫ్ తక్కువైన ఏడు తల్లులు ఒడ్డుకు దగ్గరగా ఇరుక్కుంటాయి, అప్పుడు తోడేళ్ళకూ గద్దలకూ దావత్.

ఆ ప్రాంతాల చలి ఒకప్పుడు ఎలా ఉండేదో ఇబ్న్ ఫజ్లాన్ సఫర్‌నామా చెబుతుంది. 921లో ఖలీఫా ముఖ్తదిర్ పంపగా బగ్దాద్ నుంచి బయల్దేరి, కాస్పియన్‌కి తూర్పున ఖ్వారిజ్మ్‌లో చలికాలం గడిపాడు. జైహూన్ నది 17 జానల మందాన గడ్డకట్టిందనీ, దాని మీద గుర్రాలు, ఒంటెలు, బండ్లు రోడ్డు మీద నడిచినట్టు నడిచాయనీ రాశాడు. హమ్మామ్ నుంచి ఇంటికొచ్చేసరికి తన గడ్డం బర్ఫ్ ముద్ద అయిందట.

అయితే సీల్ నస్ల్‌కి మొదటి దెబ్బ కొట్టింది బర్ఫ్ కాదు, ఇన్సాన్. 20వ శతాబ్దం మొదట్లో ఈ సీల్స్ దాదాపు 10 లక్షలు. చర్మం కోసం, కొవ్వు కోసం షికార్ నడిచింది. 1930లలో సోవియట్ హుకూమత్ కింద ఏడాదికి లక్షకు పైనే చంపారు. ఏడాదికి ఒక్క పిల్లనే కనే తల్లి ఈ లెక్కకు ఎక్కడ సరిపోతుంది? షికార్ తగ్గేసరికి జహర్ వచ్చింది. పొలాల డీడీటీ నదుల్లోంచి చేపల్లోకి, చేపల్లోంచి సీల్స్ కొవ్వులోకి చేరింది. చాలా ఆడవి బాంఝ్ అయ్యాయి. 2000లో కుక్కలకొచ్చే డిస్టెంపర్ వబా వేల సీల్స్‌ని ఒడ్డున పడేసింది. చేపల కోసం వేసిన వలల్లో చిక్కి చచ్చేవి వేరే.

2005లో విమానం నుంచి లెక్కపెడితే ఆ ఏడు పుట్టిన పిల్లలు దాదాపు 21,000. మరుసటేడు 17,000. మొత్తం నస్ల్‌లో పదింట తొమ్మిది వంతులు పోయాయని తేలింది. 2008లో ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో పెట్టింది.

ఇంత కమ్‌జోర్ అయ్యాక ఇప్పుడు బర్ఫ్ వంతు. చలికాలాలు వెచ్చబడి బర్ఫ్ పలచబడుతోంది, ముందే విరుగుతోంది. ఉత్తరాన కశగాన్ ఆయిల్ ఫీల్డ్‌కి సామాను మోసే బర్ఫ్‌తోడ్ ఓడలు అదే బర్ఫ్‌ని చీల్చుకుంటూ తల్లీపిల్లల మధ్య నుంచి వెళ్తాయి. పైగా సమందరే తగ్గిపోతోంది. 1990ల మధ్య నుంచి నీటి మట్టం పడుతూనే ఉంది. వోల్గా తెచ్చే నీటి కన్నా ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ. లోతు తక్కువైన ఉత్తర భాగమే ముందు ఎండుతుంది, అంటే జచ్చాఖానా నేలే పోతుంది. మట్టం ఇంకో 5 మీటర్లు తగ్గితే పిల్లల్ని కనే జాగా 81 శాతం వరకు పోవచ్చని 2025లో వచ్చిన ఒక తహ్‌ఖీఖ్ చెప్పింది.

కొంత కోషిష్ జరుగుతోంది. ఒడ్డున ఉన్న ఐదు ముల్కులు కాస్పియన్ హిఫాజత్ కోసం 2003లో తెహ్రాన్‌లో ముఆహిదా మీద దస్తఖత్ చేశాయి. 2020లో కజకిస్తాన్ ఈ సీల్‌ని తన రెడ్ బుక్‌లో చేర్చింది. వలలూ ఓడల దారులూ ఇన్సాన్ చేతిలోవి, రేపే మార్చొచ్చు. బర్ఫ్‌ని అలా రేపే తేలేం. అందుకే చేతిలో ఉన్నవి ముందు మార్చాలి అంటాను నేను.

ఇదంతా చెప్పాక మా చిన్నమ్మాయి అడిగింది: "అబ్బా, బర్ఫ్ లేకపోతే దాని అమ్మీ వేరే సమందర్‌కి వెళ్ళొచ్చుగా?"

మసూదీ వెయ్యేళ్ళ కిందట రాసిన జవాబే చెప్పాను. "లేదమ్మా, అక్కడి నుంచి దారి లేదు."