రివాల్వరా, పిస్టలా? ఆయుధ లైసెన్సు చేతికొచ్చాక తెలుసుకోవాల్సినవి

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం రాయలసీమలోని ఒక ఊరి సర్పంచ్ ఫోన్ చేసింది. ఎస్సీ రిజర్వుడు పంచాయతీ అది. నా పరిశోధన పని మీద రెండుసార్లు వాళ్లింట్లో ఉన్నాను కాబట్టి అక్కా అని పిలిచే చనువు ఉంది. మన వాళ్ల శ్మశానం భూమి ఆక్రమణ మీద నడుస్తున్న కేసులో ఆమే ప్రధాన సాక్షి. బెదిరింపులు మొదలయ్యాక పిస్టల్/రివాల్వర్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకుంది. రెండేళ్లు తిరిగాక వచ్చింది.

"తమ్ముడూ, షాపాయన రెండు చూపిస్తున్నాడు. రెండూ థర్టీటూనే అంటాడు. ఒకటి రివాల్వర్, ఒకటి పిస్టల్. ఏది తీసుకోమంటావ్?"

తుపాకుల విషయం అడగాల్సిన మనిషిని కాను నేను. నా పరిశోధన అట్రాసిటీ నిబంధనల అమలు మీద. కానీ ఆ నిబంధనల్లోనే ఆయుధ లైసెన్సు ప్రస్తావన ఉంది, దాని గురించి తెలుగులో ఒక్కచోట సమాచారం దొరకదు. అక్క కోసం వెతికి రాసుకున్నదే ఈ వ్యాసం.

ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడం హక్కు కాదు, అనుమతి. మన దగ్గర జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్లు ఉన్న నగరాల్లో పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇస్తారు. 21 ఏళ్లు నిండాలి. ఆత్మరక్షణకు పొడవు గొట్టం తుపాకీ అడగడం ఒక ఎత్తు, చేతి తుపాకీ అడగడం ఇంకో ఎత్తు. రెండోదానికి "తగిన కారణం" ఉందని అధికారిని ఒప్పించాలి. పోలీసు నివేదిక, వైద్య ధ్రువపత్రం, శిక్షణ, ఇంట్లో భద్రంగా దాస్తామన్న హామీ పత్రం, ఇవన్నీ 2016 ఆయుధాల నియమాలు అడుగుతాయి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్లు, ఒక మనిషికి గరిష్ఠంగా రెండు ఆయుధాలు.

మన వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్ 14. దరఖాస్తుదారుకి తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని అందులో స్పష్టంగా ఉంది. "నీకేముందని కాపాడుకోవడానికి?" అని క్లర్కు అడిగితే చూపించాల్సింది ఈ వాక్యమే. నిరాకరిస్తే కారణాలు రాతలో నమోదు చేయాలి, అడిగితే ఇవ్వాలి (ప్రజా ప్రయోజనం పేరుతో చెప్పకుండా ఉండే వెసులుబాటు ఒకటి వాళ్లకుంది). సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకోవచ్చు.

ఇక దుకాణం. అమెరికాలో దాచి పట్టుకెళ్లే పిస్టల్ కొనే మనిషి ముందు గ్లాక్, సిగ్, స్మిత్ అండ్ వెసన్ అంటూ డజను మోడళ్లు ఉంటాయి, అన్నీ దాదాపు 9 ఎంఎంలోనే. ఇక్కడ 9 ఎంఎం, .38, .455 తూటాలు పేల్చేవి నిషిద్ధ బోర్. సామాన్యుడికి ఇవ్వరు. మిగిలేది ప్రధానంగా .32, .22. విదేశీ చేతి తుపాకుల దిగుమతి కూడా 1980ల నుంచి మామూలు పౌరుడికి దాదాపు మూసుకుపోయింది. అందుకే ఎప్పటిదో పాత వెబ్లీ, వాల్తర్ చేతులు మారితే లక్షల్లో పలుకుతుంది. అది మన దారి కాదు, వదిలేద్దాం.

మన దారిలో ఉన్నవి ప్రధానంగా ప్రభుత్వ ఫ్యాక్టరీల సరుకు. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విడదీశారు. ఆయుధాలు చేసేది కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ. దుకాణదారులు మాత్రం ఇప్పటికీ "ఆర్డినెన్స్ మాల్" అనే అంటారు. యూపీలోని హర్దోయి జిల్లాలో ఒక ప్రైవేటు కంపెనీ వెబ్లీ పేరుతో .32 రివాల్వర్ తయారు చేస్తోంది.

మొదటి చిక్కు పేరులోనే ఉంది. రివాల్వర్ .32 వేరు, పిస్టల్ .32 వేరు. రివాల్వర్‌లో వేసేది స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే రకం. తూటా అడుగున అంచు బయటికి ఉంటుంది. పిస్టల్‌లో వేసేది పొట్టిగా ఉండే ఏసీపీ రకం. ఒకదాని తూటాలు ఇంకోదాని కోసం కొనకూడదు. అక్కకి ఫోన్లో ముందుగా చెప్పింది ఇదే. లైసెన్సు మీద ఏం రాశారో, దుకాణదారు బిల్లు మీద ఏం రాశాడో, పెట్టె మీద ఏం ఉందో మూడూ కలవాలి. కలవకపోతే రేపు కోర్టులో అది లైసెన్సు షరతు ఉల్లంఘన అవుతుంది.

రెండింటి మధ్య తేడా నిజానికి చాలామంది అనుకున్నంత లేదు. కాన్పూర్ .32 రివాల్వర్‌లో ఆరు తూటాలు, మూడు అంగుళాల గొట్టం, బరువు సుమారు 700 గ్రాములు. బెంగాల్‌లోని ఫ్యాక్టరీల నుంచి వచ్చే 'అశని' పిస్టల్ కూడా బరువులో దాదాపు అంతే. మ్యాగజైన్ ఉంటుంది, రివాల్వర్ కంటే రెండు తూటాలు ఎక్కువ పడతాయి. తూటా శక్తి దేనిదీ గొప్పది కాదు. 9 ఎంఎంతో పోలిస్తే రెండూ బలహీనమే.

తేడా అంతా వాడే చేతిలో ఉంది. పిస్టల్ పలచగా ఉంటుంది, బట్టల కింద ఎత్తు కనపడదు. కానీ దాన్ని సిద్ధం చేయాలంటే మ్యాగజైన్ పెట్టాలి, పైనున్న స్లైడ్ గట్టిగా వెనక్కి లాగి వదలాలి, సేఫ్టీ ఎటు ఉందో చూసుకోవాలి. తూటా పేలకపోతే మళ్లీ స్లైడ్ లాగి దాన్ని బయటపడేయాలి. భయంతో చేతులు వణుకుతున్నప్పుడు ఇన్ని పనులు గుర్తుండాలంటే నెలనెలా సాధన ఉండాలి. మన జిల్లాల్లో ఫైరింగ్ రేంజ్ ఎక్కడుంది? తూటాలకు ఖరీదుంది, ఎన్ని కొనాలో లైసెన్సులో లెక్కుంది. పైగా పిస్టల్‌తో ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిందనుకుంటారు. గొట్టం వెనక ఒక తూటా మిగిలే ఉంటుంది.

రివాల్వర్‌లో అంత తతంగం లేదు. ట్రిగ్గర్ నొక్కడమే. ఒక తూటా పేలకపోతే మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. తెరిచి చూస్తే ఎన్ని ఉన్నాయో కళ్లకు కనిపిస్తాయి. ట్రిగ్గర్ బరువుగా ఉండటం గురి కుదరడానికి అడ్డం. అదే బరువు పొరపాటున పేలకుండా కొంత కాపాడుతుంది. సాధన దొరకని మనిషికి రివాల్వరే మంచిదని నా అభిప్రాయం. అక్కకీ అదే చెప్పాను.

రివాల్వర్లలో మళ్లీ రకాలున్నాయి. ఢిల్లీ 2012 ఘటన తర్వాత, 2014 జనవరిలో 'నిర్భీక్' అని మహిళల కోసం అంటూ తేలికైన .32 తెచ్చారు. బరువు అర కిలో చుట్టుపక్కల. 2023 ఆగస్టులో వచ్చిన 'ప్రబల్' సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. యాభై మీటర్ల దూరం పనిచేస్తుందని కంపెనీ ప్రచారం. యాభై మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద పేల్చి, ఆత్మరక్షణ అని జడ్జి ముందు ఎలా నిలబడతామో నాకు అర్థం కాలేదు. పావు కిలో ఉండే .22 'నిడర్' మోయడానికి హాయి, కానీ దాని తూటా ఇంకా చిన్నది. అంచు మీద కొడితే పేలే రకం కాబట్టి పేలకుండా ఆగిపోయే అవకాశం కూడా కాస్త ఎక్కువ.

నిర్భీక్ విడుదలైనప్పుడు ధర 1,22,360 రూపాయలు. అట్రాసిటీ బాధితులకు 2016లో సవరించిన పరిహారం 85,000 నుంచి 8,25,000 వరకు. అంటే కింది మెట్టు పరిహారం మొత్తం పెట్టినా మహిళల కోసం చేశామన్న తుపాకీ రాదు. హత్రాస్ ఘటన తర్వాత 2020లో చంద్రశేఖర్ ఆజాద్ బహుజనులకు లైసెన్సులే కాదు, కొనుగోలుకు సబ్సిడీ కూడా అడిగింది అందుకే. అప్పుడు చాలామంది నవ్వారు. 2025 మేలో అస్సాం మంత్రివర్గం కొన్ని సున్నిత ప్రాంతాల్లో స్థానిక మూలవాసులకు లైసెన్సులిచ్చే పథకాన్ని ఆమోదించింది. ప్రభుత్వం తలచుకుంటే ఎంత త్వరగా కదులుతుందో అక్కడ కనిపించింది.

కొన్నాక ఎలా పట్టుకెళ్లాలి? ఇక్కడ సినిమాలు మనల్ని పాడుచేశాయి. 2016 నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మనిషి అదుపులో ఉండాలి. నడుముకు కనపడేలా పెట్టుకుని ఊరేగడం, పెళ్లి బరాత్‌లో గాల్లోకి పేల్చడం నేరం. రెండోదానికి 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు పెట్టింది.

మార్కెట్లో దొరికే హోల్‌స్టర్లన్నీ ప్యాంటు, బెల్టు వేసుకునే మగవాళ్ల కోసం కుట్టినవి. చీర కుచ్చిళ్ల దగ్గర 700 గ్రాముల ఇనుము నిలవదు. అక్క హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటానంది. పెట్టుకోవచ్చు, కానీ ఆ బ్యాగు పంచాయతీ ఆఫీసు కుర్చీకి తగిలించి లేవకూడదు, బస్సులో పైన పెట్టకూడదు, అందులో తాళాలూ చిల్లరా వేయకూడదు. ట్రిగ్గర్‌కి ఏదీ తగలకుండా విడి అర కుట్టించుకోవాలి. ఇంట్లో ఉన్నది ఒకే గది, ఇద్దరు మనవలు. గోడకు బిగించిన ఇనుప పెట్టె లేకుండా తుపాకీ తేవద్దని చెప్పాను. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో కూడా చూసుకోవాలి. కర్నూలులో చెల్లే కాగితం అలంపూర్ దాటగానే నేరం కావచ్చు.

సర్పంచులకు, వార్డు సభ్యులకు ఇంకో ముఖ్యమైన సంగతి. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లోనో అధీకృత దుకాణంలోనో అప్పగించమంటారు. ఎవరిని మినహాయించాలో జిల్లా స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఓట్ల లెక్కింపు దాకా మన వాళ్లకు ప్రమాదం ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే తుపాకీ ఇంట్లో ఉండదు. కోడ్ రాకముందే బెదిరింపుల ఎఫ్ఐఆర్ ప్రతులతో కమిటీకి అర్జీ పెట్టుకోవాలి.

పేల్చాల్సి వస్తే ఏమవుతుందన్నది ఎవరూ అడగరు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. ప్రాణానికో, తీవ్ర గాయానికో, అత్యాచారానికో తక్షణ భయం ఉండటం లాంటి పరిస్థితుల్లోనే ఎదుటివాడి ప్రాణం దాకా పోవచ్చు. కర్రతో కొట్టినా కౌంటర్ కేసు పడే ఊళ్లలో తూటా పేలితే ఏం పడుతుందో ఊహించుకోవచ్చు.

ఇంతవరకు అక్క అడిగినదానికి జవాబు. ఆమె అడగని విషయం ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనలు, 1995లో మూడో నియమం చదవండి. అత్యాచారం జరగవచ్చని భావించే ప్రాంతాల్లో ప్రభుత్వం ముందుజాగ్రత్తగా ఏం చేయాలో అందులో వరుసగా ఉంది. అయిదో అంశం, అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులివ్వడం. అందరం దీని గురించే మాట్లాడతాం. దానికి ముందు మూడో అంశం ఉంది. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివారి, వారి దగ్గరి బంధువుల, పనివాళ్ల, కుటుంబ స్నేహితుల లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించడం. నాలుగోది అక్రమ ఆయుధాల స్వాధీనం.

ఈ వరుసకు అర్థం ఉంది. 1997 డిసెంబరులో బిహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది తుపాకులతో. కారంచేడు, చుండూరుల్లో గొడ్డళ్లు, బరిసెలతో గుంపులుగా వచ్చారు. ఆరు తూటాల రివాల్వర్ ఈ రెండు రకాల దాడుల్లో దేన్నీ ఆపలేదు. ఒంటరిగా దారి కాచిన ఇద్దరు ముగ్గురిని ఆపగలదేమో. ఎదుటివాడి గోడ మీది తుపాకీని దింపించడానికి మనకు లక్ష ఇరవై వేలు అక్కర్లేదు, సాధన అక్కర్లేదు, ఇనుప పెట్టె అక్కర్లేదు. ఒక అర్జీ చాలు.

అర్జీ ఎవరికి పెట్టాలి? లైసెన్సు ఇచ్చేది, నిలిపేసేది కలెక్టరే. మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీకి అధ్యక్షత వహించేదీ ఆయనే. రెండు ఫైళ్లూ ఒకే టేబుల్ మీద ఉంటాయి, ఒకదాన్ని ఇంకోటి చూడదు. మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద 1956లో మాంట్‌గొమరీలో బాంబు పడ్డాక ఆయన కూడా తుపాకీ దాచి పట్టుకెళ్లే పర్మిట్ కోసం దరఖాస్తు చేశాడు. ఇవ్వలేదు. అక్కడా నిర్ణయం స్థానిక అధికారి ఇష్టానికే ఉండేది.

ఒక జిల్లాలో మూడో అంశం కింద ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి, అయిదో అంశం కింద ఎన్ని ఇచ్చారు అని నేను సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. నలభై రోజులకు ఒక పేజీ జవాబు వచ్చింది. లైసెన్సులను అలా వర్గీకరించి రికార్డు ఉంచడం లేదు అని. అక్క ఇంకా ఏదీ కొనలేదు. దుకాణంలో అడ్వాన్సు ఇచ్చే ముందు, తన కేసులో నిందితుడి ఇంట్లో ఉన్న రెండు లైసెన్సు తుపాకుల నంబర్లు వేసి మూడో నియమం కింద అర్జీ రాయించింది. వచ్చే కమిటీ సమావేశం అజెండాలో పెట్టమని ఒక ప్రతి కలెక్టరేట్ ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకుంది.